ఇంటికి పంపవచ్చా?

జిల్లా కేంద్రాల్లో బాలల సంక్షేమ కమిటీ కూర్చునే గదుల్లో మాటిమాటికీ తలెత్తే ప్రశ్న ఒకటుంది: ఈ బిడ్డను ఇంటికి పంపవచ్చా? తండ్రి తాగొచ్చి బెల్టుతో కొడుతున్నాడని పక్కింటివాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఉంటారు. లేదా రైల్వే స్టేషన్లో దొరికిన పిల్లవాడు ఊరి పేరు చెప్పనని మొండికేసి ఉంటాడు. తల్లి బిడ్డను ఇచ్చేయమని బతిమాలుతుంది. తండ్రి ఇక చెయ్యెత్తనని కాగితం రాసిస్తానంటాడు. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. చట్టం వాళ్లకు మొదటి తరగతి మేజిస్ట్రేటు అధికారాలిచ్చింది. అయితే మేజిస్ట్రేటు తేల్చేది నిన్న ఏం జరిగిందన్నది. వీళ్లను అడుగుతున్నది రేపేం జరుగుతుందని.

ఈ ప్రశ్న మీద అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, న్యూజిలాండ్ దేశాల్లో అరవై ఏళ్లుగా చాలా పని జరిగింది. ప్రశ్నావళులు వచ్చాయి, మార్కుల పట్టికలు వచ్చాయి, చివరికి కంప్యూటర్ స్కోర్లూ వచ్చాయి. వాటిలో కొన్ని నిలిచాయి, కొన్ని అప్రదిష్ట పాలై మూతపడ్డాయి. ఆ అనుభవంలో మనకు పనికొచ్చేదేమిటి, పనికిరానిదేమిటి అన్నది ఈ వ్యాసం పట్టించుకునే విషయం.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. పిల్లల సంరక్షణ పనిలో మూడు ప్రశ్నలు తరచూ కలిసిపోతుంటాయి. జరిగిందా అన్నది మొదటిది. ఈ రాత్రికి బిడ్డ క్షేమంగా ఉంటుందా అన్నది రెండోది. రాబోయే ఏడాది, రెండేళ్లలో మళ్లీ జరుగుతుందా అన్నది మూడోది. మొదటిదానికి సాక్ష్యం కావాలి. రెండోదానికి ఇల్లు చూసి రావాలి, ఆ ఇంట్లో ఎవరెవరున్నారో తెలియాలి. మూడోదాన్నే ముప్పు అంచనా అంటాం. ఆచరణలో జరిగేదేమిటంటే, మొదటిదానికి ‘రుజువు కాలేదు’ అని రాగానే మూడోదానికి ‘ముప్పు లేదు’ అని రాసేసి ఫైలు కట్టేస్తారు. ఇది పొరపాటు. అమెరికాలో రుజువైన ఫిర్యాదుల పిల్లలనూ రుజువు కాని ఫిర్యాదుల పిల్లలనూ కొన్నేళ్లపాటు గమనించిన పరిశోధనల్లో, తర్వాత మళ్లీ ఫిర్యాదు రావడంలో ఆ రెండు గుంపులకూ పెద్ద తేడా కనిపించలేదు. రుజువు కావడమన్నది ఎవరు సాక్ష్యం చెప్పారు, గాయం కనిపించిందా, అధికారికి ఎంత తీరిక ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఇంట్లో పరిస్థితికి దానితో సంబంధం తక్కువ.

ముప్పు అంచనా పుట్టింది శాస్త్ర జిజ్ఞాసతో కాదు, పని ఒత్తిడితో. 1962లో డెన్వర్‌కు చెందిన పిల్లల వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 71 ఆసుపత్రుల నుంచి ఒక్క ఏడాదిలో 302 మంది పిల్లల వివరాలు సేకరిస్తే వాళ్లలో 33 మంది చనిపోయారని తేలింది. మంచం మీంచి పడ్డాడని తల్లిదండ్రులు చెప్పిన పిల్లల ఎక్స్‌రేల్లో వేర్వేరు కాలాల్లో విరిగి అతుక్కున్న ఎముకలు కనిపించాయి. ఐదేళ్లు తిరిగేసరికి అమెరికా రాష్ట్రాలన్నీ ఇలాంటి అనుమానాలను ప్రభుత్వానికి తెలియజేయాలని చట్టాలు చేశాయి. ఫోన్లు వెల్లువెత్తాయి. సిబ్బంది మాత్రం పిడికెడే. ఎవరింటికి ముందు వెళ్లాలి? ఎవరి ఫైలు మూసేయాలి? ఈ వరుస నిర్ణయించుకోవడానికే సాధనాలు కావలసి వచ్చాయి.

మొదటి దశలో అనుభవజ్ఞులను కూర్చోబెట్టి, ముప్పు పెంచే అంశాలేవో వాళ్లు ఒప్పుకున్న జాబితా తయారు చేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో వాడిన పట్టిక ఈ కోవలోది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఏ అంశమూ వదిలిపెట్టలేదన్న తృప్తినిస్తుంది. కానీ ఒకే కేసును ఇద్దరికిస్తే రెండు రకాల జవాబులు వచ్చేవి. తల్లి ‘సహకరించడం లేదు’ అన్నది ఒకరికి పెద్ద ముప్పు. మరొకరికి అది అధికారులంటే ఉండే మామూలు భయం.

రెండో దశలోని పద్ధతి బీమా కంపెనీలది. వేల సంఖ్యలో పాత ఫైళ్లు తెరిచి, ఏ కుటుంబాలు మళ్లీ ఫిర్యాదులోకి వచ్చాయో చూసి, ఆ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించిన లక్షణాలనే ఉంచి మిగతావి తీసేయడం. లెక్క కట్టి చెప్పిన అంచనా నిపుణుడి అంతర్బుద్ధికి ఏమీ తీసిపోదని, చాలాసార్లు దానికంటే మెరుగని మనస్తత్వవేత్త పాల్ మీల్ 1954లోనే ఒక పుస్తకంలో వాదించాడు. పిల్లల రంగంలోకి ఆ వాదన రావడానికి మరో ముప్పై ఏళ్లు పైనే పట్టింది. మిషిగన్ రాష్ట్రం వాడిన పట్టిక ఈ వరుసలో పేరుపొందింది. నిర్లక్ష్యానికి ఒకటి, కొట్టడానికి ఒకటి, రెండు విడి పట్టికలు. ఒక్కోదానిలో పదీ పదిహేను లోపు ప్రశ్నలు: ఇంతకుముందు ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఇంట్లో ఎందరు పిల్లలు, చిన్నబిడ్డ వయసెంత, తల్లిదండ్రులకు తాగుడో మత్తో ఉందా అనే తరహావి. మార్కులు కూడితే తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే శ్రేణి వస్తుంది. అవసరమనిపిస్తే కేసు వర్కరు కారణం రాసి శ్రేణిని మార్చవచ్చు. ఈ పద్ధతి అమెరికాలో చాలా రాష్ట్రాలకూ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్‌వేల్స్ వంటి చోట్లకూ పాకింది.

2000లో బేర్డ్, వాగ్నర్ అనే ఇద్దరు ఈ రెండు రకాలనూ పోల్చి, లెక్క ఆధారంగా తయారైనదే మెరుగని చూపారు. వాళ్లిద్దరూ ఆ పట్టికను తయారుచేసిన సంస్థవాళ్లే. కాకిపిల్ల కాకికి ముద్దన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అయితే 2017లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫాన్ డెర్ పుట్, ఆమె సహచరులు 30 పరిశోధనలను, 27 సాధనాలను కలిపి లెక్కగట్టినప్పుడు కూడా అదే తేలింది. వాళ్లు వాడిన కొలమానం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మళ్లీ హింసకు గురైన ఒక బిడ్డను, గురికాని ఒక బిడ్డను జంటగా తీసుకోండి. సాధనం మొదటి బిడ్డకే ఎక్కువ స్కోరు ఇస్తే సరిగ్గా చెప్పినట్టు. బొమ్మా బొరుసూ వేసినా వంద జంటల్లో యాభై సరిపోతాయి. అన్ని సాధనాలూ కలిపి సగటున 68 జంటల్లో సరిగ్గా చెప్పాయి. లెక్క మీద కట్టినవి 70, నిపుణుల విచక్షణ మీద ఆధారపడినవి 59.

ఈ అంకెలను చూసి రెండు రకాలుగా మాట్లాడవచ్చు. పట్టిక మనిషికంటే మెరుగు అనవచ్చు, అది నిజం. కానీ ఒక బిడ్డను తల్లి నుంచి విడదీయడానికి 70 ఆధారం కాగలదా అని అడిగితే, నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ 70 వెనక మరో లెక్క దాగి ఉంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఆ లెక్కను ఒక్కసారైనా కాగితం మీద వేసి చూడాలి.

ఊహకు పదివేల మామూలు కుటుంబాలు తీసుకుందాం. వాటిలో నూటికి ఒకటి, అంటే వంద కుటుంబాల్లో బిడ్డ మీద తీవ్ర హింస జరగబోతుందనుకుందాం. మన దగ్గర ఏ దేశంలోనూ లేనంత మంచి సాధనం ఉందనుకుందాం: ముప్పున్న వందలో 80 మందిని పట్టుకుంటుంది, ముప్పులేని వంద మందిలో 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది. జాబితాలో ఎందరు తేలతారు? నిజంగా ముప్పున్నవాళ్లు 80. పొరపాటున చేరినవాళ్లు 9,900లో పదో వంతు, అంటే 990. మొత్తం 1,070 కుటుంబాలకు ‘ప్రమాదం’ ముద్ర పడితే అందులో 990 మంది ఏ తప్పూ చేయబోనివాళ్లు. మిగతా 20 మంది పిల్లలు ‘క్షేమం’ అన్న ముద్రతో ఇళ్లలోనే ఉండిపోతారు.

ఇప్పుడు సాధనాన్ని నిజమైన స్థాయికి దించి, చోటు మార్చి చూద్దాం. ఇప్పటికే ఫిర్యాదు వచ్చిన వెయ్యి కుటుంబాలు, వాటిలో పావు వంతుకు మళ్లీ జరగబోతుంది, సాధనం రెండు వైపులా నూటికి 65 సార్లు సరిగ్గా చెబుతుంది. ముప్పున్న 250లో 160 పైగా దొరుకుతాయి. ముప్పులేని 750లో 260 పైగా పొరపాటున చేరతాయి. ముద్ర పడిన ప్రతి ఐదు కుటుంబాల్లో సుమారు రెండింటి విషయంలో అంచనా నిజమవుతుంది. మామూలు జనం మీద వల వేయడానికి గొప్ప సాధనం కూడా పనికిరాలేదు. ఇప్పటికే ఫిర్యాదు వచ్చిన కుటుంబాల్లో ఎవరింటికి ముందు, ఎన్నిసార్లు వెళ్లాలో తేల్చడానికి మాత్రం నాసిరకం సాధనమూ కొంత పనికొస్తుంది. అదీ ‘వెళ్లి చూడటం’ వరకే. మంచినీళ్లు తెచ్చిపెట్టే మనిషిని పంపడంలో పొరపాటు జరిగితే నష్టం లేదు. బిడ్డను ఎత్తుకెళ్లే మనిషిని పంపడంలో జరిగితే ఆ కుటుంబం కోలుకోదు.

మరో చిక్కు ఇంతకంటే లోతైనది. ఈ సాధనాలన్నీ జోస్యం చెప్పేది దేని గురించి? హింస గురించి అనుకుంటాం. కానీ పాత ఫైళ్లలో హింస ఉండదు. ఉండేది ఫిర్యాదు, దర్యాప్తు, బిడ్డను హోంకు తరలించిన ఉత్తర్వు. నాలుగు గోడల మధ్య ఎవరికీ తెలియకుండా జరిగింది ఫైల్లోకి రాదు. కాబట్టి లెక్క నేర్చుకునేది బిడ్డకేం జరుగుతుందన్నది కాదు, వ్యవస్థ ఏం చేస్తుందన్నది. పోలీసులు ఎక్కువ తిరిగే బస్తీ నుంచి ఎక్కువ కేసులు వచ్చినట్టే, అధికారుల కళ్లు పడే ఇళ్ల నుంచి ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి. అమెరికాలో 18 ఏళ్లు నిండేలోగా నూటికి 37 మంది పిల్లల ఇళ్లలో ఏదో ఒకసారి ఇలాంటి దర్యాప్తు జరుగుతుందని 2017లో ఒక పరిశోధన అంచనా కట్టింది. నల్లజాతి పిల్లల్లో అది నూటికి 53.

పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ నగరమున్న అలెగెనీ కౌంటీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2016 ఆగస్టులో అక్కడ కంప్యూటర్ స్కోరు మొదలైంది. తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాళ్లు ఆక్లాండ్‌లోని ఆర్థికవేత్త రీమా వైద్యనాథన్, అమెరికాలో పరిశోధకురాలు ఎమిలీ పట్నమ్-హార్న్‌స్టైన్. ఫోన్ రాగానే కౌంటీ దగ్గరున్న రికార్డులను కంప్యూటర్ తిరగేసి 1 నుంచి 20 వరకు ఒక అంకె చూపిస్తుంది. ఆ బిడ్డను రెండేళ్లలో ఇంటి నుంచి తరలించే అవకాశం ఎంతన్నదే ఆ అంకె. దర్యాప్తు చేయాలా వద్దా అన్న నిర్ణయం మనిషిదే. అంకె చాలా ఎక్కువైతే మాత్రం దర్యాప్తు తప్పనిసరి, కాదనాలంటే సూపర్‌వైజరు ఒప్పుకోవాలి.

అలెగెనీవాళ్లు మెచ్చుకోదగ్గ పని ఒకటి చేశారు. సాధనం ప్రభుత్వం చేతిలోనే ఉంది, లోపలేముందో ప్రచురించారు, బయటి పరిశోధకులను రానిచ్చారు. అందుకే దాని లోపాలూ మనకు తెలిశాయి. రాజకీయ శాస్త్రవేత్త వర్జీనియా యూబ్యాంక్స్ 2018 నాటి తన పుస్తకంలో ఎత్తిచూపిన విషయం ఇది: కౌంటీ రికార్డుల్లో ఉండేది ప్రభుత్వ సాయం తీసుకున్నవాళ్లు, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక చికిత్స పొందినవాళ్లు, జైలుకెళ్లినవాళ్లు. డబ్బున్న తండ్రి ప్రైవేటు క్లినిక్‌లో తాగుడు మాన్పించుకుంటే కంప్యూటరుకు తెలియదు. పేదవాడు సాయం అడగడమే అతని ఖాతాలో ముప్పుగా చేరుతుంది. 2022లో కార్నెగీ మెలన్ పరిశోధకులు మరో సంగతి చూపారు. స్కోరు ఒక్కదానికే నిర్ణయం వదిలేస్తే నల్ల, తెల్ల పిల్లల దర్యాప్తు శాతాల మధ్య 20 పాయింట్ల తేడా ఉండేది. ఫోన్ దగ్గర కూర్చున్న సిబ్బంది దాన్ని 9కి తగ్గించారు. కొంతకాలం సాంకేతిక లోపం వల్ల కంప్యూటరు తప్పుడు స్కోర్లు చూపినప్పుడు కూడా, ఆ తప్పులను సిబ్బంది గుడ్డిగా అనుసరించలేదని వేరే పరిశోధన చెప్పింది. మనిషి అంతర్బుద్ధిని కొట్టిపారేసిన మీల్ వాదానికి ఇదొక సవరణ. సగటున పట్టిక గెలుస్తుంది. పట్టిక తప్పిందని గమనించే పని మాత్రం ఇంకా మనిషిదే.

మిగతా ప్రయోగాలు ఇంత మర్యాదగా సాగలేదు. ఇలినాయ్ రాష్ట్రం ఒక ప్రైవేటు సాధనాన్ని తెచ్చుకుని 2017 చివర్లో వదిలేసింది. అది 4,100 మందికి పైగా పిల్లలకు చావో తీవ్ర గాయమో తప్పదన్నట్టు 90 శాతం పైన సంభావ్యత చూపించింది. నిజంగా చనిపోయిన కొందరు పిల్లల విషయంలో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. న్యూజిలాండ్‌లో 2015లో పుట్టిన 60 వేల మంది శిశువులకు స్కోర్లు వేసి, ఏమీ చేయకుండా, జోస్యం ఫలిస్తుందో లేదో రెండేళ్లు చూద్దామన్నది ప్రతిపాదన. పిల్లలు ప్రయోగశాల ఎలుకలు కారంటూ మంత్రి యాన్ టోలీ దాన్ని ఆపేశారు. ఇంగ్లండ్‌లో 2020లో నాలుగు స్థానిక ప్రభుత్వాల సమాచారంతో 32 నమూనాలు తయారుచేసి పరీక్షిస్తే, ముందుగా పెట్టుకున్న కనీస స్థాయిని ఒక్కటీ అందుకోలేదు. ఒరెగాన్ 2022లో తన సాధనాన్ని పక్కన పెట్టింది. 2020లో ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన ఒక ప్రయోగం ఈ నిరాశకు కారణాన్ని సూచిస్తుంది. అమెరికాలో 4 వేలకు పైగా కుటుంబాల మీద, ఒక్కోదాని గురించి 12 వేలకు పైగా వివరాలతో ఉన్న సమాచారాన్ని 160 బృందాలకిచ్చి, పిల్లల చదువు, ఇల్లు ఖాళీ చేయాల్సి రావడం వంటివి ముందే చెప్పమన్నారు. అత్యాధునిక పద్ధతులు కూడా నాలుగు వివరాలతో వేసిన సాదా లెక్కను కాస్తంతే దాటాయి. కుటుంబం భవిష్యత్తు సమాచారం పెరిగిన కొద్దీ తేటపడే విషయం కాదేమో.

అలాగని పాత పద్ధతికే, అంటే అధికారి అనుభవానికే వదిలేద్దామా? అదీ కుదరదు. బ్రిటన్‌లో పిల్లలు చనిపోయిన ప్రతిసారీ విచారణ సంఘాలు కూర్చుని ఏం తప్పిందో రాశాయి. ఐలీన్ మన్రో 1973 నుంచి 1994 వరకు వచ్చిన అలాంటి 45 నివేదికలను చదివి 1999లో ఒక విశ్లేషణ ప్రచురించారు. సిబ్బంది సోమరితనం కంటే ఆలోచనలోని అలవాట్లే ఎక్కువ హాని చేశాయని ఆమె నిర్ణయం. మొదటిసారి ఇల్లు చూసినప్పుడు ఏర్పడిన అభిప్రాయం గట్టిపడిపోతుంది. తర్వాత వచ్చిన సమాచారం దానికి అనుకూలమైతే నమ్ముతారు, వ్యతిరేకమైతే చెప్పినవాళ్ల ఉద్దేశాన్ని శంకిస్తారు. కళ్లకు కట్టిన సంఘటన ఫైల్లోని పాత కాగితాన్ని మింగేస్తుంది. తండ్రి ఈరోజు నవ్వుతూ టీ ఇచ్చాడన్నది నిరుడు బిడ్డ చెయ్యి విరిగిన సంగతిని మరిపిస్తుంది. 2011లో ప్రభుత్వం కోరిక మీద మన్రో చేసిన పెద్ద సమీక్షలో మాత్రం ఆమె ఫారాలు పెంచమనలేదు, తగ్గించమన్నారు. ఫారాలు నింపే పనిలో పడి పిల్లలతో మాట్లాడే సమయమే లేకుండా పోయిందని ఆమె వాదన. మనుషుల తప్పులను అందరికంటే ఎక్కువగా తవ్వి తీసిన ఆమే ఈ మాట అన్నారు కాబట్టి దాన్ని గంభీరంగా తీసుకోవాలి.

ఇక ఏ అంశాలు నిజంగా ముప్పును సూచిస్తాయన్న విషయం. ఇక్కడ పరిశోధన కాస్త గట్టి నేల మీదే ఉంది. హిండ్లీ, రామ్‌చందానీ, జోన్స్ 2006లో ప్రచురించిన సమీక్ష నాలుగు అంశాలను ముందు వరుసలో పెట్టింది: ఇంతకుముందు జరిగిన సంఘటనల సంఖ్య, హింస రకం నిర్లక్ష్యం కావడం, తల్లిదండ్రుల మధ్య గొడవలు, వాళ్ల మానసిక ఆరోగ్యం. ఒకసారి హింసకు గురైన పిల్లలకు అది మళ్లీ జరిగే అవకాశం, ఎన్నడూ గురికానివాళ్లతో పోలిస్తే ఆరు రెట్లు. ఈ ముప్పు మొదటి సంఘటన తర్వాతి నెల రోజుల్లో అత్యధికం, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుంది. ఈ చివరి వాక్యం నాకు స్కోర్లన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ఏ ఇంటికి వెళ్లాలో తేల్చలేకపోయినా ఎప్పుడు వెళ్లాలో అది చెబుతోంది.

మరొకటి: ముప్పు అనేది కుటుంబానికి పుట్టుమచ్చలా అంటిపెట్టుకుని ఉండేది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ బృందం తొలిసారి గర్భం దాల్చిన పేద యువతుల ఇళ్లకు నర్సులను పంపింది. గర్భం నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చే వరకు నర్సు వెళ్లేది. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ తల్లుల మీద రుజువైన ఫిర్యాదులు మిగతావాళ్లలో సగానికి కాస్త అటూఇటూగా ఉన్నాయి. గృహహింస తీవ్రంగా ఉన్న ఇళ్లలో మాత్రం ఈ ఫలితం కనబడలేదు. భర్త భార్యను కొట్టే ఇంట్లో బిడ్డ కోసం తల్లికి పాఠాలు చెప్పి లాభం లేదన్నమాట. ఓక్లహోమాలో పిల్లలను కొట్టిన తల్లిదండ్రులకు, బిడ్డతో ఆడుతుండగానే పక్కనుంచి నేర్పే శిక్షణ ఇస్తే మళ్లీ ఫిర్యాదు వచ్చినవాళ్లు నూటికి 19. మామూలు తరగతులకు వెళ్లినవాళ్లలో 49. డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. కనీస వేతనం ఒక డాలరు పెరిగిన చోట నిర్లక్ష్యం ఫిర్యాదులు దాదాపు పదో వంతు తగ్గాయని 2017లో ఒక అధ్యయనం అంచనా కట్టింది. కూలికెళ్లే తల్లి మూడేళ్ల బిడ్డను తాళం వేసిన గదిలో వదిలి వెళ్లడం నిర్లక్ష్యమే. ఆ నిర్లక్ష్యానికి మందు క్రెష్, అంతే.

మన దగ్గరికి వద్దాం. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక అధ్యయనం వెలువరించింది. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో నూటికి 88 మందిని కొట్టింది కన్నవాళ్లే. లైంగిక వేధింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దండించకపోతే పిల్లలు చెడిపోతారన్న నమ్మకం మన ఇళ్లలో ఎంత లోతుగా ఉందంటే, విదేశాల్లో తెలుగు కుటుంబాల మీద ఇలాంటి కేసులు పడ్డప్పుడు ఇక్కడి చర్చ ఆ దేశాల దౌర్జన్యం మీదే సాగుతుంది తప్ప బిడ్డ వీపు మీదకు పోదు.

చట్టం ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను 24 గంటల్లో కమిటీ ముందుకు తేవాలి, సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో పూర్తి కావాలి. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం, కుటుంబానికి తిరిగి చేర్చడం ప్రధాన లక్ష్యం. 2016 నియమాల్లో ఈ దర్యాప్తుకు పెట్టిన ఫారం 22లో బిడ్డ వివరాలు, కుటుంబం, చదువు, తిన్న దెబ్బల రకం వరకు ఎన్నో గళ్లు ఉన్నాయి. చివర్లో, కుటుంబానికి తిరిగి అప్పగిస్తే ఉండే ముప్పు విశ్లేషణ అని ఒక అంశమూ ఉంది. ఒకే ఒక్క గీత. దేన్ని చూసి రాయాలి, దేనికెంత బరువివ్వాలి అన్నది ఫారంలో లేదు. అరవై ఏళ్ల పరిశోధన తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న మన దగ్గర ఆ గీత మీద సర్దుకుంటోంది. అక్కడ ‘తల్లిదండ్రులు బాగా చూసుకుంటామని హామీ ఇచ్చారు’ అని రాస్తే ఆ గడి నిండినట్టే.

ఆ గీత ఎంత బరువు మోయాలో 2020 చూపించింది. ఆ సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖలు రాసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాటిలో ఉన్నాయి. దేశంలోని హోంలలో ఉన్న 2.56 లక్షల మంది పిల్లల్లో 1.84 లక్షల మంది ఈ రాష్ట్రాల్లోనే ఉన్నారని, వాళ్లను వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చాలని దాని సారాంశం. లక్ష్యం మంచిదే. మన హోంలలో చాలామంది పిల్లలు ఉన్నది హింస వల్ల కాదు, పేదరికం వల్ల, హాస్టల్ దొరకక. కానీ వంద రోజుల గడువు పెడితే ఏ బిడ్డ పేదరికం వల్ల వచ్చింది, ఏ బిడ్డ భయంతో వచ్చింది అన్నది విడదీయడానికి వ్యవధి ఏది? అదే డిసెంబరులో సుప్రీంకోర్టు, ఇళ్లకు వెళ్లిన పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలివ్వాలని చెప్పింది. పేదరికం వల్ల వచ్చినవాళ్లకు అది తగిన జవాబు. రెండో రకం పిల్లలకు అది జవాబే కాదు.

తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నడుపుతారు. ఇటుక బట్టీల నుంచి, దుకాణాల నుంచి పిల్లలను విడిపించిన సంఖ్య పత్రికల్లో వస్తుంది. ఎక్కువమందిని తల్లిదండ్రులకు అప్పగిస్తారు. వాళ్లలో మళ్లీ పనిలోకి వచ్చినవాళ్లెందరన్న సంఖ్యకు ఆ వార్తల్లో చోటుండదు. ఎందరిని విడిపించామన్నది పోలీసుల పని లెక్క, అంతవరకే. ఇక ఇంటి మనిషే లైంగిక నేరం చేసిన పోక్సో కేసుల్లో పై పట్టికలేవీ నడవవు. అక్కడ చూడాల్సింది రెండే: ఆ మనిషి ఆ ఇంట్లో ఉన్నాడా, తల్లి బిడ్డను నమ్ముతోందా. బెయిలు వచ్చిన రోజు కమిటీకి తెలియకపోతే అంతకుముందు వేసిన అంచనా అంతా వృథా.

కంప్యూటర్ స్కోరు మనకూ కావాలని అడిగేవాళ్లు త్వరలోనే వస్తారు. సమగ్ర కుటుంబ సర్వే నుంచి ఆధార్ దాకా సమాచారం ఉంది కదా అంటారు. తెలంగాణలో కంప్యూటర్ సరిపోల్చి చూసి అనర్హులని రద్దు చేసిన రేషన్ కార్డుల సంగతి వాళ్లకు గుర్తు చేయాలి. లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. రేషన్ కార్డుకు ఎవరు అర్హులో సరిగ్గా పోల్చలేని చోట తండ్రి కోపాన్ని కొలుస్తామంటే నమ్మడం కష్టం. పైగా అలెగెనీకి ఉన్నది మనకు లేదు. అక్కడ దశాబ్దాల ఫిర్యాదుల రికార్డు ఉంది. ఇక్కడ చాలా ఊళ్లలో మొదటి ఫిర్యాదే నమోదు కాదు.

తెచ్చుకోదగ్గవి ఇంతకంటే చవకైనవి. ఆ ఒక్క గీతను అరడజను ప్రశ్నలుగా విడగొట్టవచ్చు: ఇదివరకు ఎన్నిసార్లు, ఇంట్లో తల్లి దెబ్బలు తింటోందా, తాగుడుందా, చిన్నబిడ్డ వయసెంత, కొట్టిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడా, బిడ్డ ఏమంటోంది. ప్రతి బిడ్డ విషయంలో అవే ప్రశ్నలు, జవాబు పక్కనే కారణం. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద తక్కువ ఆదాయ కుటుంబాలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఇంటికి పంపే ఉత్తర్వుతో పాటే దాన్ని మంజూరు చేస్తే పేదరికం తెచ్చిన ముప్పు ఆ రోజే కొంత దిగుతుంది. మొదటి నెలలో నాలుగుసార్లు ఇంటికి వెళ్లి రావడం, ఆ తర్వాత తగ్గించుకుంటూ పోవడం. ఏడాదికోసారి కమిటీ తను పంపిన పిల్లల పేర్లు తీసి, ఎవరు మళ్లీ వచ్చారో, ఆనాడు తానేం రాసిందో పక్కపక్కన పెట్టి చూడటం.

అయితే ఆ నాలుగుసార్లు వెళ్లేదెవరు? జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో క్షేత్రానికి తిరిగే సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఆ పని అంగన్‌వాడీ టీచరు మీదో ఆశా కార్యకర్త మీదో పడుతుంది. ఆమెది ఆ ఊరే. ఆ తండ్రి ఇంటి ముందు నుంచే రోజూ సెంటరుకు నడిచి వెళ్లాలి, అతను ఆమె భర్తకు వరసకు బావో బాబాయో అయి ఉంటాడు. ఆమె చెప్పిన సంగతి ఎవరు చెప్పారన్నది బయటకు రాకుండా, ఆమె సంతకం ఆ కాగితం మీద లేకుండా చూసే ఏర్పాటు ముందు కావాలి. అది లేకుండా ఎంత మంచి ప్రశ్నావళి ఇచ్చినా జిల్లా నలుమూలల నుంచి ‘ముప్పు లేదు’ అన్న ఫారాలే వస్తాయి.